రాత్రిపూట పొట్ట ఆపరేషన్ చేసేదెవరు?

సంపాదకులు గారికి,

గత ఏడాది మా దగ్గరి బంధువుకు గజ్జల్లో హెర్నియా (పొట్ట గోడ సందులోంచి పేగు బయటికి జారడం) బిగుసుకుపోయింది. సాయంత్రం ఏడింటికి నొప్పి మొదలైతే, థియేటర్‌లోకి తీసుకెళ్లేసరికి తెల్లవారింది. మొదటి ఆసుపత్రిలో సర్జన్ ఉన్నారు, మత్తు డాక్టర్ లేరు. రెండోచోట సర్జన్ వారానికి రెండు రోజులే వస్తారట. మూడోచోట ఉన్నది యూరాలజిస్టు, అంటే మూత్రకోశ సర్జన్. పేగుల జోలికి వెళ్లి పదేళ్లయిందని ఆయన నిజాయితీగానే చెప్పారు. చివరికి జిల్లా కేంద్రంలో పొట్ట తెరిచేసరికి పేగు జానెడు మేర నల్లబడిపోయింది, కోసి తీసేయక తప్పలేదు. ముప్పై ఏళ్లు ప్రభుత్వ సర్జన్‌గా చేసి రిటైరైన నేను, జేబులో మూడు రిఫరల్ చీటీలతో అంబులెన్సులో ఆ బంధువు పక్కనే కూర్చున్నాను.

ఆ యూరాలజిస్టును తప్పుపట్టలేను. అలవాటు తప్పిన ఆపరేషన్‌కు చేయి పెట్టి, అది వికటిస్తే బంధువుల దాడికీ కోర్టు నోటీసుకూ జవాబు చెప్పాల్సింది ఆయనే. మూడేళ్ల ఎంఎస్ (జనరల్ సర్జరీ పీజీ) ముగియకముందే కుర్ర డాక్టర్ల చూపంతా మరో మూడేళ్ల ఎంసీహెచ్ (సూపర్ స్పెషాలిటీ సర్జరీ కోర్సు) మీదే ఉంటోంది. కాలేయానికీ మూత్రపిండానికీ విడివిడిగా నిపుణులు రావడం మంచిదే, ఆ విద్య వల్ల బతికినవారు ఎందరో ఉన్నారు. కానీ అర్ధరాత్రి అపెండిక్స్ పగిలినవాడు, అల్సర్‌కు చిల్లు పడినవాడు ఎవరి వాటాకు వస్తాడన్నది మాత్రం ఎవరూ తేల్చలేదు. సిజేరియన్, పొట్ట తెరిచే ఆపరేషన్, విరిగి చర్మం చీల్చుకొచ్చిన ఎముకకు చికిత్స, ఈ మూడూ రెండు గంటల ప్రయాణ దూరంలో దొరకాలని ప్రపంచవ్యాప్తంగా శస్త్రచికిత్స సేవలపై లాన్సెట్ వైద్య పత్రిక వేసిన కమిషన్ 2015లోనే చెప్పింది. మన దేశంలో గ్రామీణ సామాజిక ఆరోగ్య కేంద్రాలకు ఉండవలసిన సర్జన్లలో 83 శాతం మంది కొరతేనని 2021-22 కేంద్ర ప్రభుత్వ గణాంకాలే ఒప్పుకున్నాయి.

పీజీ విద్యార్థులు మూడు నెలలు జిల్లా ఆసుపత్రుల్లో పనిచేయాలన్న నిబంధన ఇప్పటికే ఉంది. సర్జరీ పీజీల చేత ఆ మూడు నెలలూ ఓపీ చీటీలు రాయించకుండా, సీనియర్ పర్యవేక్షణలో రాత్రి ఎమర్జెన్సీ కేసులు చేయించవచ్చు. ఏరియా ఆసుపత్రులకు సర్జన్‌నూ మత్తు డాక్టర్‌నూ ఒకే ఉత్తర్వులో నియమించాలి, బదిలీ చేసినా ఆ జత విడిపోకూడదు. ఆ రాత్రి ఏ ఆసుపత్రిలో ఇద్దరూ డ్యూటీలో ఉన్నారో సాయంత్రం ఆరింటికల్లా 108 సిబ్బందికి తెలియజేయడానికైతే కొత్త పోస్టులు కూడా అక్కర్లేదు.

ఇట్లు,
ఒక విశ్రాంత సివిల్ సర్జన్,
విజయనగరం