అమ్మల గ్రూపులో నాన్నకు చోటేదీ?

సంపాదకులకు,

ఇంటిపట్టున ఉండి పిల్లల్ని పెంచే తండ్రుల గురించి పోయిన వారం జిల్లా పేజీలో వేశారు, సంతోషం. కానీ ‘అమ్మగా మారిన నాన్న’ అనే శీర్షిక ఏంటండీ? ఆయన నాన్నగానే ఉన్నాడు. మెగా డీఎస్సీలో భార్యకు ఉదయగిరి పోస్టింగొస్తే నెల్లూరులో బిడ్డనెవరు చూడాలి? అయినా బడి గేటు దగ్గర క్యారేజీ బుట్టతో మగమనిషి కనబడితే చాలు, ‘ఉద్యోగం పోయిందంట పాపం’ అని గుసగుసలు.

మాటలైతే పడొచ్చు. అసలు చిక్కు వాట్సాప్‌లో. తరగతి గ్రూపు పేరే ‘మమ్మీస్’. నాన్న నంబరు చేర్చరు, చేరిస్తే మిగతావాళ్లు ఇంకో గ్రూపు పెట్టుకుంటారు. రేపు పసుపు డ్రస్సు, ఎల్లుండి చార్టు అని రాత్రి తొమ్మిదింటికొచ్చే కబురు అందులోనే. పొద్దున ఒక్క బిడ్డే యూనిఫాంలో వస్తే ‘నాన్న పెంపకం’ అని ముద్ర! అడ్మిషన్ ఫారంలోని రెండు నంబర్లూ చేర్చి, టీచరొక్కరే పోస్టు చేసేలా సెట్టింగు మార్చడానికి ఐదు నిమిషాలు పట్టదు. కబుర్లకు వేరే గ్రూపు పెట్టుకోండి, ఎవరొద్దన్నారు?

టీకాల దగ్గరా అంతే. 6, 10, 14 వారాలకు, మళ్లీ తొమ్మిది నెలలు నిండాక కార్డు పట్టుకుని తెచ్చిన తండ్రిని ‘వాళ్లమ్మ రాలేదా’ అంటారు. అడగాల్సింది అదా? టీకా వేశాక జ్వరానికిచ్చే పారాసిటమాల్ చుక్కల మందులో మిల్లీలీటరుకే 100 మిల్లీగ్రాములుంటుంది. సిరప్ సాధారణంగా 5 మిల్లీలీటర్లకు 120. సిరప్ కొలతలో చుక్కల మందు పోస్తే బిడ్డకు నాలుగు రెట్లు పడుతుంది. ఆ తేడా తెలుసా అని అడగండి, వచ్చింది అమ్మైనా నాన్నైనా.

సర్కారువారి తీరు మరీ ముచ్చట. 2024 డిసెంబరు మెగా పేరెంట్ టీచర్ మీటింగులో తల్లులకు ముగ్గులు, తండ్రులకు తాడులాగుడు! బడిపిల్లల చదువుకిచ్చే తల్లికి వందనం పథకం డబ్బు 13,000 రూపాయలు తల్లి ఖాతాకే ఎందుకో అందరికీ తెలుసు, బెల్టుషాపుల పుణ్యం. అది వేరే లేఖ. ప్రసూతి సెలవుల చట్టానికి 2017లో చేసిన సవరణతో తల్లికి 26 వారాల సెలవిచ్చారు, ఇవ్వాల్సిందే. కేంద్ర ఉద్యోగి అయిన తండ్రికి 15 రోజులు. ప్రైవేటులో చట్టప్రకారం ఒక్కరోజూ లేదు. పదకొండో రోజు పురుడు, ఇంకో నాలుగు రోజులు చుట్టాలకు కాఫీలు, సెలవైపోయింది.

బస్టాండుల్లో డైపర్ మార్చే బల్ల ఉంటే గింటే ఆడవాళ్ల గదిలోనే. నాన్నలు బెంచీ మీద పేపరు పరుచుకుని మార్చుకోవాలి. పరిచేది తరచూ మీ పత్రికే.

— ఒక పాఠకుడు, వేదాయపాళెం, నెల్లూరు