డ్రయ్యర్ తిరుగుతున్నా వేడి రావడం లేదా? ముందు గాలి దారి చూడండి

సంపాదకులకు నమస్కారం.

బట్టలారబెట్టే డ్రయ్యర్ తిరుగుతూ ఉండి వేడి మాత్రం రాకపోతే హీటరు కాలిపోయినట్టే, కొత్తది వేసుకోండి అనే సలహా గృహోపకరణాల చిట్కాల్లో తరచూ కనిపిస్తోంది. దానికి తోడు, ఫ్యూజు పోతే రెండు వైర్లూ కలిపి టేపు చుట్టేయమనే వాళ్లూ బయల్దేరారు. మొదటి సలహాతో డబ్బు దండగ. రెండోదానితో ఇల్లే అంటుకోవచ్చు. ఈ మిషన్లు విప్పి బిగించే మెకానిక్‌లుగా మేం చెప్పదలచింది ఒక్కటే: కాలిన భాగం దొరకగానే పని అయిపోలేదు, అదెందుకు కాలిందో తేలాలి. చాలాసార్లు ఆ కారణం గాలి బయటికి పోయే దారిలో దొరుకుతుంది.

స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు నాబ్ ఎక్కడుందో చూడాలి. చల్లగాలి ప్రోగ్రాములో డ్రమ్ము తిరుగుతుంది కానీ హీటరు ఆన్ కాదు. మిగతా ప్రోగ్రాముల్లో కూడా ఆఖరి కొన్ని నిమిషాలు బట్టలు చల్లబరచడానికే. అప్పుడు తలుపు తీసి, లోపల చెయ్యి పెట్టి వేడి లేదనుకోవడం పొరపాటు. ఖాళీ డ్రమ్ముతో, ఎక్కువ వేడి ఉండే టైమర్ ప్రోగ్రాములో 5 నిమిషాలు నడిపితే అసలు సంగతి తెలుస్తుంది. తేమను బట్టి నడిచే ఆటో ప్రోగ్రాము ఈ పరీక్షకు పనికిరాదు. తడి బట్ట తగలక, అన్నీ ఆరిపోయాయనుకుని ముందే ఆగిపోతుంది.

హీటరుకు బదులు కంప్రెసరుతో గాలిని వేడిచేసే హీట్ పంప్ డ్రయ్యర్ల సంగతి వేరు. తక్కువ వేడితో ఎక్కువసేపు ఆరబెట్టడం వాటి పద్ధతి, డ్రమ్ము చెయ్యి కాలేంత వేడెక్కదు. బట్టలు ఆరుతుంటే రిపేరు లేనట్టే. ఆరకపోతే ఫిల్టర్లు, లోపలి రేకుల మీద పేరుకున్న బట్టల నూగు శుభ్రం చేసి చూడాలి. అప్పటికీ దారికి రాకపోతే కంప్రెసరు, గ్యాసు పని తెలిసినవాళ్లకు అప్పగించడమే. ఇంట్లో ఆ పైపుల జోలికి వెళ్లకూడదు.

ఇక గాలి సంగతి. హీటరు డబ్బాలోంచి వేడిగాలిని లాగి, డ్రమ్ములో బట్టల మీదుగా పోనిచ్చి, తేమతో సహా బయటికి తోసేది బ్లోయరు. బట్టల నూగు పేరుకుని ఆ దారి ఇరుకైతే వేడి హీటరు చుట్టూనే నిలిచిపోతుంది. అప్పుడు హై లిమిట్ థర్మోస్టాట్ హీటరును ఆపుతుంది, చల్లారాక మళ్లీ కలుపుతుంది. ఈ దశలో వేడి వస్తూ పోతూ ఉంటుంది, గంటలో ఆరే బట్టలకు రెండు గంటలు పడుతుంది. చాలామంది దీన్ని పట్టించుకోరు. అలాగే వాడుతూ పోతే ఒకరోజు, వేడి హద్దు మీరితే కరెంటు తెంపే థర్మల్ ఫ్యూజు తెగుతుంది. అది తెగితే మళ్లీ కలవదు. చాలా మోడళ్లలో ఈ ఫ్యూజు హీటరు లైనులో మాత్రమే ఉంటుంది కాబట్టి మోటారు ఎప్పటిలాగే తిరుగుతుంది. కొన్నింట్లో మోటారు కూడా ఆగిపోతుంది.

ఫిల్టరు జాలీని కుళాయి కింద పట్టి చూడండి. నీళ్లు జారిపోతే సరే. జాలీ మీద చిన్న మడుగులా నిలిచాయంటే దానికి పొర పట్టిందన్నమాట. బట్టలు మెత్తబడటానికి డ్రయ్యర్లో వేసే సువాసన షీట్ల మైనం అది. చూపుకి జాలీ శుభ్రంగానే ఉంటుంది, నూగు ఒక్క పోగు కూడా కనబడదు, కానీ గాలి దూరదు. గోరువెచ్చని నీళ్లు, సబ్బు, మెత్తని బ్రష్షుతో రుద్ది, బాగా ఆరాకే బిగించాలి. జాలీ కూర్చునే గాడి అడుగున కూడా నూగు గడ్డకట్టి ఉంటుంది, వాక్యూమ్ సన్న మూతితో లాగేయాలి.

మిషన్ వెనక గొట్టం గోడకు నొక్కుకుపోయి నలిగిందేమో చూడండి. బయట గొట్టం మూతికుండే రెక్క, డ్రయ్యర్ నడుస్తుంటే ధారాళంగా తెరుచుకోవాలి. గొట్టం 4 అంగుళాల వ్యాసం గల గట్టి లోహపుదైతే మేలు. ప్లాస్టిక్‌ది, పల్చటి ఫాయిల్‌ది వద్దు. అతుకుల దగ్గర లోపలికి పొడుచుకొచ్చే స్క్రూలు కూడా వద్దు, నూగంతా వాటికే చుట్టుకుంటుంది. అనుమానం తీరకపోతే, కరెంటు డ్రయ్యర్‌కు మాత్రమే, గొట్టం ఊడదీసి కాసేపు నడిపి చూడొచ్చు. అప్పుడు వేడి బాగా నిలబడితే తప్పు గొట్టానిదే. గ్యాస్ డ్రయ్యర్‌తో ఈ పరీక్ష చేయకూడదు, కార్బన్ మోనాక్సైడ్ గదిలోకి వస్తుంది. గొట్టం లేకుండా, తేమను లోపలే నీరుగా మార్చే కండెన్సర్ రకమైతే కింద తలుపు తీసి, కండెన్సర్ బయటికి లాగి కుళాయి కింద కడిగితే చాలు.

గాలి బాగానే ఉంటే కరెంటు వైపు రావాలి. ఉత్తర అమెరికా పద్ధతి వైరింగున్న ఇళ్లలో హీటరు 240 వోల్టుల మీద, మోటారు 120 వోల్టుల మీద నడుస్తాయి. రెండు లైన్లలో ఒకటి పోతే మోటారు తిరగొచ్చు, హీటరు మాత్రం పనిచేయదు. అందుకని అక్కడ ముందు జంట బ్రేకరు పూర్తిగా ఆపి మళ్లీ వేసి చూడాలి. మళ్లీ మళ్లీ పడిపోతుంటే ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. 230 వోల్టుల సింగిల్ ఫేజ్ ఉన్నచోట ఈ సమస్య ఉండదు, మోటారుకీ హీటరుకీ ఒకటే సప్లై.

ఓంలు కొలిచే మల్టీమీటరు పెట్టే ముందు ప్లగ్గు పీకాలి. కొలిచే భాగం నుంచి కనీసం ఒక వైరు ఊడదీయాలి, లేదంటే పక్క సర్క్యూట్ల ఓంలు కూడా కలిసి తప్పు లెక్క వస్తుంది. హీటరుకు ఎన్ని ఓంలుండాలో ఎవరినీ అడగనక్కర్లేదు. వోల్టేజిని వోల్టేజితో గుణించి వాట్లతో భాగిస్తే వస్తుంది. 230 వోల్టులు, 2000 వాట్ల హీటరుకు సుమారు 26 ఓంలు. 240 వోల్టులు, 5400 వాట్లదానికి 11కు కాస్త తక్కువ. రెండు కాయిళ్లుంటే ఒక్కోదాన్ని విడిగా కొలవాలి. మీటరు అసలు కదలకపోతే కాయిల్ తెగినట్టే. తరువాత ఒక్కో టెర్మినల్‌కూ హీటరు డబ్బా రేకుకూ మధ్య పెట్టి చూడాలి. అక్కడ ఏమీ చూపించకూడదు. చూపిస్తే కాయిల్ సాగి బాడీకి తగులుతోందని అర్థం, ఆ మిషన్‌ను ఇంక ప్లగ్గులో పెట్టొద్దు.

థర్మల్ ఫ్యూజు, చల్లగా ఉన్నప్పుడు హై లిమిట్ థర్మోస్టాట్, రెండూ సున్నాకు దగ్గరగా చూపించాలి. కొన్ని మోడళ్లలో థర్మోస్టాట్ నడిమధ్య చిన్న బొత్తాం ఉంటుంది, నొక్కితే టిక్కుమని మళ్లీ కలుస్తుంది. వేడిని పసిగట్టే థర్మిస్టర్ అలా కాదు. చాలావాటిలో 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర అది 10 వేల ఓంల చుట్టుపక్కల ఉంటుంది, వెచ్చబడేకొద్దీ తగ్గాలి. గుప్పిట్లో పట్టుకుంటే అంకె దిగడం కనబడుతుంది. కదలకుండా ఒకే అంకె దగ్గర కూర్చుంటే మార్చాలి.

చాలామంది బోల్తాపడేది మోటారు మీదుండే స్విచ్చు దగ్గర. మోటారు వేగం అందుకున్నాకే హీటరుకు కరెంటు వదిలే ఏర్పాటు అది. మోటారు ఆగి ఉన్నప్పుడు కొలిస్తే ఎప్పుడూ తెగినట్టే చూపిస్తుంది, అది లోపం కాదు. మిగతావన్నీ బాగున్నాయని తేలాకే దాన్నీ, హీటరుకు కరెంటు కలిపే బోర్డు మీది రిలేనీ అనుమానించాలి.

వైర్ల చివరలు కూడా కళ్లతో చూడాలి. హీటరు లగ్గు, అంటే వైరు చివర తొడిగే లోహపు ముక్క, వదులైతే అక్కడే వేడి పుడుతుంది. మెరవాల్సిన రేకు గోధుమ రంగుకో నీలానికో తిరుగుతుంది, పక్కనున్న ప్లాస్టిక్ తొడుగు గట్టిపడి, గోరు తగిలితే పెంకులా రాలుతుంది. నొక్కి మళ్లీ తొడిగితే నాలుగు రోజుల్లో మళ్లీ అదే కథ. మాడిన మేర వైరు కత్తిరించి, వేడికి తట్టుకునే కొత్త లగ్గు క్రింప్ చేయాలి, అంటే పట్టుకారుతో నొక్కి బిగించాలి.

గ్యాస్ డ్రయ్యర్లో కింద చిన్న కిటికీలోంచి చూస్తే సగం తెలిసిపోతుంది. మంట అంటించే ఇగ్నైటర్ ఎర్రబడి, మంట రాకుండానే ఆరిపోతే తప్పు గ్యాస్ వదిలే వాల్వ్ కాయిళ్లది. మొదటి మంట వచ్చి, వేడెక్కాక మళ్లీ అంటుకోకపోయినా తప్పు వాటిదే. ఎర్రగా వెలుగుతూనే ఉండి మంట రాకపోతే తప్పు ఇగ్నైటర్ వేడిని పసిగట్టే ఫ్లేమ్ సెన్సరుది. అసలు వెలగకపోతే ఇగ్నైటర్, సెన్సర్, ఫ్యూజు, మూడూ కొలవాలి. వీటి దాకా సరే, గ్యాస్ పైపు కనెక్షన్ విప్పాల్సి వస్తే లైసెన్సున్నవాళ్లే చేయాలి.

ఫ్యూజు తీసి వైర్లు కలిపితే వేడి వస్తుంది, నిజమే. కానీ దారి మూసుకుపోయి, థర్మోస్టాట్ కూడా పనిచేయని రోజున హీటరును ఆపడానికి ఇంకేమీ మిగలదు, చుట్టూ ఉన్నదేమో పొడి నూగు. దయచేసి ఆ చిట్కాను మీ పత్రికలో వేయకండి. ఫ్యూజుకు బదులు అదే డిగ్రీల అంకె అచ్చేసి ఉన్న ఫ్యూజే వేయాలి. దానితోపాటు హై లిమిట్ థర్మోస్టాట్ కూడా మార్చడం మంచిది, ఒకదాన్ని కాల్చిన వేడి రెండోదాన్నీ దెబ్బతీసి ఉండొచ్చు.

బిగించాక తడి తువాళ్లు నాలుగు వేసి, ఎక్కువ వేడితో నడిపి, బయట గొట్టం మూతి దగ్గర అరచెయ్యి పెట్టి చూడండి. గాలి వెచ్చగా, తేమగా, చేతిని నెట్టేంత జోరుగా రావాలి. వెచ్చగా ఉండి జోరు లేకపోతే కొత్త ఫ్యూజు కూడా పాతదాని దారే పడుతుంది. గొట్టం మళ్లీ ఊడదీసి, ఈ చివర నుంచి ఆ చివర దాకా శుభ్రం చేయాలి.

ఇట్లు,
గృహోపకరణాల మరమ్మతు మెకానిక్‌లు