‘777’ అంటే ఏ 777?

సంపాదకులకు,

విమానాల వార్తల్లో మన పత్రికలు ‘బోయింగ్ 777’ అని రాసి ఊరుకుంటున్నాయి. 1995 జూన్‌లో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ తొలిసారి నడిపిన 777-200దీ, ఇవాళ శంషాబాద్‌లో దిగే ఎమిరేట్స్ 777-300ఈఆర్‌దీ (ఈఆర్ అంటే ఎక్కువ దూరం ఎగిరే రకం) బాడీ వెడల్పు ఒకటే. బరువులో మాత్రం పొంతనే లేదు. టేకాఫ్‌కు గరిష్ఠ పరిమితి మొదటిదానికి దాదాపు 247 టన్నులు, రెండోదానికి 351 టన్నులు.

బాడీని సాగదీయడం తేలిక, మోయించడమే కష్టం. 1998లో వచ్చిన 777-300ని 200 కంటే 10 మీటర్లు పొడవు చేశారు. ఇంధనం మాత్రం 200ఈఆర్‌లో పట్టినంతే, సుమారు 1,71,000 లీటర్లు. సీట్లు పెరిగాయి, దూరం తగ్గింది. దాంతో 2004లో 300ఈఆర్ వచ్చింది. రెక్కల కొసలు ఒక్కో వైపు దాదాపు 2 మీటర్లు పెంచారు, 1,15,000 పౌండ్ల థ్రస్ట్ (ముందుకు తోసే బలం) ఇచ్చే జనరల్ ఎలక్ట్రిక్ వారి జీఈ90-115బి ఇంజన్లు పెట్టారు. అసలు తెలివంతా ల్యాండింగ్ గేర్‌లో ఉంది. అంత పొడవు విమానం ముక్కెత్తితే తోక రన్‌వేకి రాసుకుంటుంది. అందుకని టేకాఫ్ వేళ ఆరు చక్రాల బోగీని (చక్రాలు బిగించిన చట్రాన్ని) ఒక హైడ్రాలిక్ స్ట్రట్ బిగించి పట్టుకుంటుంది. విమానం బోగీ మధ్య ఇరుసు మీద కాక చివరి జత చక్రాల మీద లేస్తుంది. ఆ కాస్త ఎత్తుతోనే తోక తగలకుండా ముక్కు ఇంకొంచెం పైకి వెళ్తుంది.

మన ఊరికి ఈ తేడాలు మరీ ముఖ్యం. శంషాబాద్ సముద్ర మట్టానికి 600 మీటర్లకు పైగా ఎత్తులో ఉంది. మే నెల మధ్యాహ్నం గాలి పలచబడి ఇంజన్ బలం, రెక్కల లిఫ్ట్ (పైకి లేపే బలం) రెండూ తగ్గుతాయి. 4,260 మీటర్ల రన్‌వే ఉన్నా, నిండా ఇంధనంతో లేచేవాళ్లు సరుకు దింపుకునే లెక్క వేసుకోక తప్పదు. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా షికాగోకు నేరుగా వేసిన సర్వీసుకు 200ఎల్ఆర్ (ఈఆర్ కన్నా ఇంకా దూరం ఎగిరే రకం) వాడింది అందుకే: పొట్టి బాడీ, 300ఈఆర్ తరహా రెక్కలు, పెద్ద ఇంజన్లు.

ప్రమాదం జరిగినప్పుడు మోడల్ ఒక్కటే చాలదు, ఇంజన్ పేరూ రాయాలి. 2008 జనవరిలో బ్రిటిష్ ఎయిర్‌వేస్ 200ఈఆర్ లండన్ హీత్రూలో రన్‌వేకి ముందే నేలను తాకింది. ఇంధనంలోని నీరు మంచు కట్టి, రోల్స్‌రాయిస్ ట్రెంట్ ఇంజన్లలో ఇంజన్ ఆయిల్ వేడితో ఇంధనాన్ని వెచ్చబరిచే హీట్ ఎక్స్‌ఛేంజర్ ముఖానికి అడ్డుపడింది. ముఖం నుంచి కొద్దిగా బయటికి పొడుచుకొచ్చిన గొట్టాల చివర్ల దగ్గర మంచు పేరుకుంది. ఆ ముఖాన్ని చదునుగా మార్చడమే పరిష్కారమైంది. 2021 ఫిబ్రవరిలో అమెరికాలోని డెన్వర్ దగ్గర పేలింది ప్రాట్ అండ్ విట్నీ పీడబ్ల్యూ4000. బోలు టైటానియం ఫ్యాన్ బ్లేడు లోహ అలసటతో విరిగింది. అప్పుడు ఆగిపోయినవి ఆ ఇంజన్ ఉన్న 777లే. జీఈ ఇంజన్లవి ఎగురుతూనే ఉన్నాయి. ‘777లు నిలిపివేత’ అని శీర్షిక పెడితే దుబాయ్ టికెట్ కొన్నవాళ్లంతా ఊరికే కంగారుపడరూ?

2024 జనవరిలో బేగంపేట వింగ్స్ ఇండియా విమాన ప్రదర్శనలో జనం చూసిన 777-9 మరో రకం. దాని రెక్కలు విప్పితే 71.8 మీటర్లు. గేటు దగ్గర కొసలు మడిస్తే 64.8, అంటే 300ఈఆర్ నిలిచే చోటే సరిపోతుంది. మడత రెక్కలను తొంభైల్లోనే ఇస్తామన్నారు, అప్పుడు ఏ ఎయిర్‌లైన్సూ తీసుకోలేదు. 2020లో మొదటి డెలివరీ అనుకున్న ఈ విమానం ఏళ్ల తరబడి వాయిదా పడింది. 2024 ఆగస్టులో ఇంజన్‌ను రెక్కకు పట్టి ఉంచే లింకుల్లో పగుళ్లు కనిపించి పరీక్షలే ఆగాయి.

ఫొటో వేసేటప్పుడు డెస్క్‌లో ఒక్కసారి తలుపులు లెక్కపెట్టుకుంటే చాలు. ప్రయాణికుల విమానంలో ఒక పక్క నాలుగుంటే 200 కుటుంబం, అయిదుంటే 300. రెక్క కొస వెనక్కి వాలి సూదిగా ఉంటే ఈఆర్ మోడళ్లలో 300ఈఆర్ మాత్రమే. అదే కొసతో నాలుగు తలుపులుంటే 200ఎల్ఆర్. 200ఈఆర్‌కు పాత మొద్దు కొసే.

— ఒక పాఠకుడు, శంషాబాద్, హైదరాబాద్