తేదీ వినపడని నీటి సమావేశం

సంపాదకులకు నమస్కారం.

మైకుల మోత భరించలేకపోతున్నామని, ఊళ్లలో వాటిని పూర్తిగా నిషేధించాలని గత వారం మీ పత్రికలో ఒక పాఠకుడు రాశారు. ముప్పై ఏళ్లకు పైగా కావలిలో మైక్ సెట్టు అద్దెకిచ్చి బతికినవాడిని కాబట్టి ఆ పాపంలో నాకూ కొంత వాటా ఉంది. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్ మోగకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. ఇళ్ల మధ్య పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు దాటరాదనీ ఉంది. వాటిని అమలు చేయమనండి, నేనూ చెయ్యెత్తుతాను. అయితే మోత చెవులు పగలగొడుతున్నా మాట మాత్రం చేరని సభల గురించి ఎవరూ రాయడం లేదు. అందుకే ఈ ఉత్తరం.

ఈ మధ్య మా వైపు సాగునీటి మీద రైతుల సమావేశం జరిగింది. సోమశిల నీళ్లు కావలి కాలువకు ఎప్పుడు వదులుతారో చెబుతారని చివరి భూముల రైతులు పొద్దున్నే బస్సెక్కి వచ్చారు. రేకుల కప్పు హాలు. వేదికకు అటూ ఇటూ మనిషెత్తు బాక్సులు. అధికారి నోరు తెరిస్తే గుండెల మీద దరువు వేసినట్టుంది. ఆయన కాగితం చూసి తేదీ చదివారు. నా పక్కనున్న పెద్దాయన పదిహేను అన్నాడు, ఆయన వెనకాల కూర్చున్నతను పదిహేడు అన్నాడు. ఇద్దరూ సగం సగం విన్నవాళ్లే. తెలుగులో ఆ రెంటికీ ఒక్క హల్లే తేడా. అచ్చులన్నీ మా దాకా వచ్చాయి, ఆ ఒక్క హల్లు దారిలో పోయింది. రెండు రోజులే కదా అని తేలిగ్గా తీసేయకండి. దుక్కికి ట్రాక్టర్ మాట్లాడుకున్నవాడిని, కాలువ మీద వంతు కోసం కాచుకున్నవాడిని అడగండి, ఆ రెండు రోజుల ఖరీదు చెబుతారు.

భోజనాల వేళ, మైకులన్నీ వచ్చి కలిసే మిక్సర్ పెట్టె దగ్గరికి వెళ్లాను. పాత అలవాటు, కాళ్లు ఆగవు. ప్లాస్టిక్ కుర్చీ మీద మిక్సర్, దాని పక్కన ఇరవై ఏళ్ల కుర్రాడు. మొదటి మైకు గెయిన్ నాబ్ గడియారంలో నాలుగు గంటల ముల్లులా కుడివైపు కిందికి వాలిపోయి ఉంది. దాని కింద ఎర్ర దీపం. అది మాట హద్దు దాటినప్పుడే వెలిగే దీపం, మహా అయితే ఎప్పుడైనా ఒకసారి మిణుకుమనాలి. సభ జరుగుతున్నంతసేపూ నిలకడగా వెలుగుతూనే ఉందని కుర్రాడే చెప్పాడు. అంత గెయిన్ పెట్టాక మోత తట్టుకోలేక, పైకీ కిందికీ జరిపే ఫేడర్‌ను అట్టడుగు నుంచి ఒక వేలి మందం దగ్గర నిలిపాడు.

“ఎందుకు నాయనా గెయిన్ అంత తిప్పావు?” అన్నాను.

“వినపడటం లేదని ముందు వరుసవాళ్లు అరిచారు తాతా. పెంచితే కూత పెట్టింది. అందుకని ఫేడర్ తగ్గించాను.”

ఆ పిల్లవాడిని తప్పు పట్టను. మాకు మా గురువులు చెప్పలేదు, వాడికి మేం చెప్పలేదు. మేం పనిలో దిగిన కాలంలో ఒక మైకు, ఒక ఆంప్లిఫయర్, చెట్టుకు కట్టిన బాకాలు రెండు. మైకుకు తిప్పడానికి ఒకే నాబ్. పెంచడమన్నా తగ్గించడమన్నా అదే. మిక్సర్లు వచ్చాక ప్రతి మైకుకూ రెండు చోట్ల పని పడింది, పైన గెయిన్, కింద ఫేడర్. రెండూ ఒకటే పని చేస్తాయని ఇప్పటికీ సగం మంది నమ్ముతున్నారు.

మన జిల్లావాళ్లకు ఇది కాలువ భాషలో చెబితే సులువు. మైకు నుంచి వచ్చేది వోల్టులో వెయ్యోవంతుల లెక్క, చాలా సన్నటి ధార. దాన్ని మిక్సర్ పని చేయగల మట్టానికి, అంటే సుమారు ఒక వోల్టు దాకా, వందల రెట్లు పెంచేది గెయిన్. అది తల తూము. ఫేడర్ పొలం దగ్గరి మడవ. తల తూము అడ్డగోలుగా ఎత్తేసి కాలువ గట్టు తెగ్గొట్టుకున్నాక పొలం దగ్గర మడవ కట్టి ఏం లాభం? మాట తాలూకు అల మొదట్లోనే పైనా కిందా నరికినట్టు చదునైపోతుంది. ఫేడర్ తగ్గిస్తే ఆ నరికిన అలే చిన్నదవుతుంది తప్ప, పోయిన ఆకారం తిరిగి రాదు. మన మాటలో బలమంతా అచ్చులది, తేడా చెప్పేది హల్లులు. అచ్చులు గట్టు దాటినప్పుడు పుట్టే గరగర పక్కనున్న బలహీనమైన హల్లును కప్పేస్తుంది. ఆపైన రేకుల కప్పు ప్రతిధ్వని ఉండనే ఉంది.

తూము మరీ దించినా కష్టమే. చివర్లో మోటారు పెట్టి లాగితే నీటితోపాటు బురదా వస్తుంది. గెయిన్ చాలక చివర ఆంప్లిఫయర్ పెంచితే మాటతోపాటు వచ్చే ‘స్’ అనే సొద ఆ బురదే.

ఇదంతా సరిచేయడం బ్రహ్మవిద్య కాదు. ఫేడర్లన్నీ దించి, మైకు ముందు మనిషిని నిలబెట్టి, సభలో ఎంత గట్టిగా మాట్లాడతాడో అంత గట్టిగానూ మాట్లాడించాలి. ‘హలో, మైక్ టెస్టింగ్’ అని గొణిగితే కుదరదు, మన వక్తలు ఆవేశం వస్తే ఎక్కడికి వెళతారో అందరికీ తెలుసు. మిక్సర్ మీద పీఎఫ్ఎల్ అనే మీట నొక్కితే ఆ ఒక్క మైకు మట్టం మీటర్‌లో కనిపిస్తుంది. మాట సున్నా దగ్గర ఆడుతూ, గట్టి మాటకు కాస్త పైకి పోతూ, ఎర్ర దీపం వెలగకుండా ఉండే చోట గెయిన్ ఆపేయాలి. డిజిటల్ మిక్సర్లలో సున్నా అంటే పైకప్పు, దాని పైన చోటు లేదు. అక్కడ మాట సగటున మైనస్ 18 డెసిబెళ్ల దగ్గర ఉంటే మంచిది. ఆ తర్వాత ఫేడర్ దాని సున్నా గీత మీద పెట్టి, హాలుకు ఎంత కావాలో అంత ఆంప్లిఫయర్ దగ్గర పెంచుకోవాలి. ఒక్కో మైకుకు రెండు నిమిషాల పని.

బాక్సులో మోగిన మాట తిరిగి మైకులో దూరితే పుట్టేదే కూత. దానికి అసలు కారణం ఆ రోజు వేదిక మీదే ఉంది. బల్ల మీద ఎనిమిది మైకులు, మాట్లాడేది ఒక్కరు, తెరిచి ఉన్నవి ఎనిమిదీ. తెరిచిన మైకులు రెండింతలైన ప్రతిసారీ కూత పెట్టకుండా పెంచగలిగే హద్దు మూడు డెసిబెళ్లు తగ్గుతుంది. ఎనిమిది తెరిస్తే తొమ్మిది డెసిబెళ్లు ఊరికే పోయాయి. పైగా అధికారి నోటికీ మైకుకూ మధ్య జానెడు పైనే దూరం. పదహారు అంగుళాల దూరంలో ఉన్న మైకును నాలుగు అంగుళాలకు జరిపితే 12 డెసిబెళ్లు ఉచితంగా వస్తాయి. అంతే లాభం ఆంప్లిఫయర్ ఇవ్వాలంటే శక్తి 16 రెట్లు కావాలి. మైకు స్టాండు జరపడానికి డబ్బు ఖర్చు కాదు కాబట్టి కాబోలు, ఆ పని ఎవరికీ గుర్తుకు రాదు. కొందరు వక్తలు మైకు తల మీద జాలీని గుప్పిట్లో పట్టుకుంటారు. అలా పట్టుకుంటే వెనక నుంచి వచ్చే శబ్దాన్ని ఆపే గుణం మైకుకు పోతుంది, కూత అక్కడే పుడుతుంది. తిట్లు మాత్రం ఆపరేటర్‌కు.

ఆస్తి నష్టం సంగతీ చెప్పాలి. నరికిన అల ఆంప్లిఫయర్ గుండా వెళితే మొదట కాలేది బాక్సులోని సన్న స్వరాల ట్వీటర్. నా దగ్గరా ఎన్నో కాలాయి. బాక్సు నాసిరకమని కంపెనీని తిట్టుకున్నాను. తప్పు నా వేళ్లదని తెలియడానికి పదేళ్లు పట్టింది.

ప్రభుత్వ సభకు మైక్ సెట్టు మాట్లాడేటప్పుడు అడిగేవి రెండే: ఎన్ని వాట్లు, ఎంత రేటు. వాట్లు రెండింతలు చేస్తే పెరిగేది మూడు డెసిబెళ్లేనని, చెవికి రెండింతలుగా తోచాలంటే సుమారు పదింతల శక్తి కావాలని కొటేషన్ చూసేవారికి ఎవరూ చెప్పరు. ఆ రేటులోనే సభకు ముందు అరగంట మైకుల సర్దుబాటును చేర్చండి. దానికి పరీక్ష కూడా చెబుతాను. చివరి వరుసలో ఒక మనిషిని కాగితం, కలం ఇచ్చి కూర్చోబెట్టండి. వేదిక మీద నుంచి పదిహేను, పదిహేడు, ముప్పై, నలభై అని ఇష్టం వచ్చిన వరుసలో చదవండి. ఆయన రాసింది సరిపోకపోతే పూలదండలు తీయవద్దు. కుర్రాళ్లకు ఐటీఐలలో రెండు రోజుల తరగతి పెట్టగలిగితే ఇంకా మేలు. వైరింగ్ నేర్పే చోట ఇది నేర్పడం భారం కాదు.

నీటి తేదీ పదిహేడు. మర్నాడు ఆఫీసు గోడకు అంటించిన కాగితంలో చూసి తెలుసుకున్నాం. నా పక్కన కూర్చున్న పెద్దాయనకు ఆ కాగితం సంగతి ఎవరైనా చెప్పారో లేదో.

వచ్చే సమావేశం ఎప్పుడో మీ పత్రికలో వేస్తే గంట ముందే వచ్చి ఆ మొదటి మైకు గెయిన్ నేను సరిచేసి పెడతాను. అద్దె అడగను. ఆ కుర్రాడిని మాత్రం నా పక్కన నిలబడమనండి.

ఇట్లు,
ఒకప్పటి మైకు ఆపరేటర్,
కావలి, నెల్లూరు జిల్లా