ప్రాక్సీలు అక్కర్లేని ఊరు నుంచి

డ్రెస్డెన్, జర్మనీ, 12 డిసెంబరు 2024

ఒరేయ్ శీనూ,

వాట్సాప్‌లో నువ్వు "ఎలా ఉన్నావ్" అంటే "బానే ఉన్నా" అని తప్ప ఇంకో ముక్క రాదు నాకు. అందుకే కాగితం పట్టుకున్నా. తిట్టుకోకుండా చివరిదాకా చదువు.

ముందు నీకు నచ్చే కబురు. ఇక్కడ లెక్చర్లకి అటెండెన్స్ తీసుకోరు! రెండేళ్ళు నాచేత ప్రాక్సీలు కొట్టించుకున్నవాడివి, నీకిది స్వర్గంరా. 75 శాతం హాజరు గొడవ లేదు, తగ్గితే కట్టే కండొనేషన్ ఫీజు లేదు. చాలా సబ్జెక్టులకి ఫిబ్రవరిలో ఒక్క పరీక్ష, అంతే. నేనూ మొదట్లో గంతులేశా. తీరా చూస్తే పొద్దున్న ఏడున్నర క్లాసుకి, తెల్లారకముందే, నిద్రమొహంతో ట్రామ్‌లో నిలబడి ఉంటున్నా. మనకున్నట్టు మధ్యలో మిడ్స్ పరీక్షలుంటే కనీసం ఎక్కడ మునిగామో తెలుస్తుంది. ఇక్కడ మునిగాక ఫిబ్రవరిలోనే తెలిసేది.

మొదటి క్లాసు అయ్యీ అవ్వగానే హాలంతా బల్లల మీద దబదబ చప్పుడు. మనవాళ్ళలాగే సారుని ఏడిపిస్తున్నారనుకుని బ్యాగు సర్దేశా, తిట్లు మొదలవకముందే జారుకుందామని. పక్కవాడు మాత్రం బుద్ధిమంతుడిలా కూర్చుని వేళ్ళ కణుపులతో టకటకా కొడుతున్నాడు. చప్పట్లకి బదులు ఇక్కడ అదేనట! ఇప్పుడు నేనూ కొడుతున్నా. అర్థంకాని క్లాసుకి ఇంకాస్త గట్టిగా.

సీసాల కథ విను. నీళ్ళ సీసా కొంటే 25 సెంట్లు డిపాజిట్ పట్టుకుంటారు. ఖాళీది సూపర్‌మార్కెట్లో మిషన్‌కిస్తే చీటీ వస్తుంది, బిల్లులో తగ్గిస్తారు. మనకేమో తాగగానే సీసా నలిపెయ్యడం చిన్నప్పటి అలవాటాయె. పన్నెండు సీసాలు శుభ్రంగా నలిపి సంచీలో మోసుకెళ్ళా. మిషన్ ఒక్కోదాన్ని లోపలికి లాక్కోవడం, గిరగిరా తిప్పి చూడడం, మళ్ళీ నా చేతిలోకే తోసెయ్యడం. సీసా మీది గుర్తు దానికి కనపడాలట. వెనకాల క్యూ. ఎవరూ ఒక్కమాట అనలేదు, అదే ఎక్కువ సిగ్గేసింది. రూముకి తెచ్చి నోటితో గాలి ఊది ఉబ్బించా. తొమ్మిది తీసుకుంది. మిగతా మూడూ ఇంకా మంచం కిందే ఉన్నాయి.

నేను దిగడానికి రెండు వారాల ముందు ఇక్కడ ఎల్బే నది మీద కరోలా వంతెన కొంత భాగం కూలింది, ట్రామ్ పట్టాలున్న వైపు. తెల్లవారుజాము కాబట్టి ఎవరికీ ఏం కాలేదు. మా అమ్మ ఎక్కడో చూసినట్టుంది, ఇప్పటికీ ఫోన్ పెట్టేముందు "వంతెనలెక్కకు నాన్నా" అంటుంది. ఊరు నదికి అటూ ఇటూ ఉందని ఆవిడకి చెప్పలేదు.

సాయంత్రం నాలుగింటికే చీకటి. ఆ వేళకి క్రిస్మస్ సంతకి పోతాం. 1434 నుంచీ జరుగుతోందట. ష్టోలెన్ అని కిస్‌మిస్‌లు కూరిన బరువైన రొట్టె, పైన పంచదార పొడి. బాగుంది, కాదనను. కానీ కొరికితే పాకం కారదు. కాకినాడవాడికి ఆ లోటు లోటే కదరా.

అసలు పనికొస్తా. మొన్న ప్రెజెంటేషన్‌కి నాకు 1.7 వచ్చింది. ఇక్కడ 1 అంటే ఫస్టు, 4 దాటితే ఫెయిలు. సంబరంగా ఇంటికి ఫోన్ చేసి చెప్పా. నాన్న కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "పదికా?" అన్నారు. ఎంత చెప్పినా నమ్మడం లేదు. ఆదివారం ఓసారి మా ఇంటికెళ్ళి నువ్వైనా చెప్పిరా. నీ మాటైతే వింటారు, నువ్వెప్పుడూ ఫెయిలైనట్టు ఆయనకి తెలీదుగా.

నీ
రవి