వేట విరామంలోనైనా ఆ సినిమాలు వేయండి

పల్లె బాల్యం, చేపల వేట, ఇంటి మమకారాలు చెప్పే నిదానమైన సినిమాలకు గోదావరి డెల్టాలోనే ఆటలు దొరకడం లేదు. ఈమధ్య అలాంటి సినిమా ఒకటి మా ఊరికి వస్తే ఉదయం ఆట మాత్రమే ఇచ్చి, వారం తిరక్కుండా తీసేశారు. ఆ వేళకు వేట నుంచి వచ్చిన మగవాళ్లు వలలు బాగుచేసుకుంటుంటారు, ఆడవాళ్లు చేపల గంపలతో ఊళ్లమీద ఉంటారు. ఎవరి బతుకు తెర మీద ఉందో వాళ్లకే చూసే వీల్లేదు. నేను వెళ్లిన రోజు హాల్లో ఉన్న కొద్దిమందీ చివరిదాకా కదల్లేదు. తండ్రి పిల్లవాడికి వల విసరడం నేర్పే చోట, నా వెనక పెద్దాయన పక్కనున్న మనవడికి మణికట్టు ఎలా తిప్పాలో చెబుతూనే ఉన్నాడు. పాటా ఫైటూ లేకపోతే జనం రారన్న మాట నేనొప్పుకోను. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో మరపడవల వేట నిషేధం; బడి సెలవులూ చాలావరకు అప్పుడే. ఆ రోజుల్లో ఇలాంటి సినిమాలకు తక్కువ టికెట్టుతో సాయంత్రం ఆట ఇచ్చేలా జిల్లా యంత్రాంగం హాళ్ల యజమానులతో మాట్లాడాలి. హాళ్లు దూరమైన తీర గ్రామాల్లో నిర్మాతల అనుమతి తీసుకుని, తుపాను రక్షణ భవనాల దగ్గర తెర కట్టి చూపించాలి.

– ఒక పాఠకుడు, రాజోలు