పోస్టు పేరు మారింది సరే, జీతం తేదీ మాటేమిటి?

సంపాదకుల వారికి నమస్కారం.

మాది కోనసీమ. ముప్పై మూడేళ్లు ప్రభుత్వ ఉద్యోగం చేసి రిటైరయ్యాను. అందులో ఎక్కువ కాలం ఎస్టాబ్లిష్‌మెంట్ సీటులోనే గడిచింది. తోటి ఉద్యోగుల సర్వీస్ రిజిస్టర్లు రాయడం, ఇంక్రిమెంట్లు వేయడం, ప్రమోషన్ వచ్చినవాళ్లకు జీతం ఫిక్స్ చేయడం నా పని. మా అమ్మాయి ఒక లంక గ్రామంలో పంచాయతీ కార్యదర్శి. 2019 గాంధీ జయంతి నాడు గ్రామ సచివాలయాలు మొదలైనప్పుడు చేరిన బ్యాచ్. తన ఒక్కదాని సంగతే అయితే ఈ ఉత్తరం రాసేవాణ్ని కాదు.

2025లో ప్రభుత్వం రాష్ట్రంలోని 13,351 పంచాయతీలను రూర్బన్ (పట్టణ తరహా గ్రామాలు), గ్రేడ్-1, గ్రేడ్-2, గ్రేడ్-3 అని నాలుగు రకాలు చేసింది. పంచాయతీలను గుంపులుగా చూసే పాత క్లస్టర్ పద్ధతి తీసేసింది. పంచాయతీ కార్యదర్శి అన్న పేరు పంచాయతీ అభివృద్ధి అధికారిగా మారింది. మంచి మార్పే. ఆ కబురు వచ్చిన రోజు మా అమ్మాయికి ఫోన్ల మీద ఫోన్లు. అభినందనలు రెండు ముక్కల్లో అయిపోయేవి. ఆ తర్వాత అందరిదీ ఒకటే ప్రశ్న: మన గ్రేడు ఏమవుతుంది, జీతం పెరుగుతుందా, పెరిగితే ఏ తేదీ నుంచి? బయటివాళ్లకు ఈ టెన్షన్ అత్యాశలా కనిపించవచ్చు. వాళ్లు ఒకసారి దెబ్బ తిన్నవాళ్లు.

రెండేళ్లు నెలకు 15,000 రూపాయలు, ఆ తర్వాత ప్రొబేషన్ ఖరారు చేసి స్కేలు, అంటే ఏటా ఇంక్రిమెంటు ఉండే రెగ్యులర్ జీతం ఇస్తామని చెప్పి ఉద్యోగంలోకి తీసుకున్నారు. 2021 అక్టోబరుకు రెండేళ్లు నిండాయి. మా అమ్మాయి అప్పటికే డిపార్ట్‌మెంటల్ పరీక్ష పాసై ఉంది. అయినా ఉత్తర్వులు రాలేదు. 2022 జనవరిలో సచివాలయాల ఉద్యోగులు నిరసనకు దిగారు. చివరికి ఉత్తర్వులు వచ్చేసరికి జూన్ ఆఖరు. స్కేలు జులై నుంచి అన్నారు. మధ్యలో తొమ్మిది నెలలు ఎటు పోయాయి? 11వ పీఆర్సీ (వేతన సవరణ సంఘం) స్కేళ్లలో ఆమె పోస్టుకు మొదటి మూల వేతనం 23,120. డీఏ (కరువు భత్యం), ఇంటి అద్దె భత్యం పక్కన పెట్టి ఒక్క బేసిక్ తేడానే చూసినా నెలకు 8,120 రూపాయలు. తొమ్మిది నెలలకు 73,080.

ఆ జులైలోనే గోదావరి ముంచెత్తింది. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 17.75 అడుగులకు చేరితేనే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. ఆ ఏడాది ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. మా అమ్మాయి ఐదు రోజులు ఇంటికి రాలేదు. పడవలో పాల ప్యాకెట్లు, నీళ్ల టిన్నులు వేసుకుని ఇంటింటికీ తిరిగింది. ఆరో రోజు గుమ్మంలోకి వచ్చి కూర్చుంటే చూశాను, పాదాలు నాని తెల్లబడిపోయి, వేళ్ల సందులు ఒరిసిపోయి ఉన్నాయి. వాళ్లమ్మ కొబ్బరినూనె రాస్తుంటే, "ఒక మామ్మగారు మేకల్ని వదిలి రానంటున్నారు నాన్నా, పొద్దున్నే మళ్లీ వెళ్లాలి" అంది. ఆ పిల్లకు తొమ్మిది నెలల జీతం తేడా బాకీ ఉంది. ఆమెలాంటి వేలమందికీ ఉంది. ఇప్పటికీ వాళ్ల సంఘాల కోరికల పత్రాల్లో తొమ్మిది నెలల ఎరియర్స్ అన్న మాట కనిపిస్తూనే ఉంటుంది.

పోయింది తొమ్మిది నెలల డబ్బు ఒక్కటే అయితే ఎలాగో సర్దుకోవచ్చు. ఇంక్రిమెంటు సంవత్సరం స్కేలు మొదలైన తేదీ నుంచే లెక్క. ఆ తేదీ తొమ్మిది నెలలు ఆలస్యమైతే ప్రతి ఇంక్రిమెంటూ తొమ్మిది నెలలు ఆలస్యంగానే వస్తుంది. సీపీఎస్ (ఉద్యోగి వాటా కట్టే పెన్షన్ పథకం) ఖాతాలో పడేది బేసిక్, డీఏల మీద పది శాతం కాబట్టి అక్కడా కోతే.

ఈ తేదీ తేడా ఎంత దూరం పోతుందో నేను కళ్లారా చూశాను. ఒక ఆఫీసులో నాకంటే ముందు నుంచి పని చేస్తున్న రికార్డ్ అసిస్టెంట్ ఒకాయన ఉండేవారు. జూనియర్ అసిస్టెంట్‌గా ప్రమోషన్ వచ్చింది. జీతం ప్రమోషన్ రోజు నుంచి ఫిక్స్ చేయాలా, పాత పోస్టులో రాబోయే ఇంక్రిమెంటు తేదీ నుంచి చేయాలా అన్నది ఉద్యోగి ఆప్షన్. నెల లోపల ఇవ్వాలి. ఆయన ఇచ్చారు. కానీ ఆ కాగితం ఇన్‌వార్డ్‌లో, అంటే ఆఫీసుకు వచ్చిన కాగితాలు నమోదు చేసే రిజిస్టర్‌లో ఎక్కలేదు. ఏళ్లు గడిచి ఆ సీటు నా చేతికి వచ్చాక, ఏ సంబంధం లేని ఒక సెలవుల ఫైలులో ఆ కాగితం దొరికింది. గుండుసూది తుప్పు మరక కూడా ఆయన సంతకం మీదే. అప్పటికి చేయగలిగింది లేకపోయింది. రావలసిన దానికంటే కొన్ని వందలు తక్కువ జీతంతోనే రిటైరయ్యారు. పెన్షన్ చివరి బేసిక్‌లో సగం కదా, ఆ తేడా పెన్షన్‌లోకీ వెళ్లింది. ఆయన పోయాక భార్యకు వచ్చే ఫ్యామిలీ పెన్షన్‌లోనూ ఉంది. ఆమె బ్యాంకు దగ్గర కనిపించినప్పుడల్లా నాకు ఆ కాగితమే గుర్తొస్తుంది.

అందుకే ప్రభుత్వానికి నా మనవి. పోస్టు పేరో గ్రేడో మార్చే జీవోలోనే స్కేలు ఏదో, ఏ తేదీ నుంచో, ఇంక్రిమెంటు నెల మారుతుందో లేదో రాయండి. ఎన్ని రోజుల్లో డీడీవో (జీతాల బిల్లులు పెట్టే అధికారి) జీతం ఫిక్సేషన్ పూర్తి చేయాలో కూడా రాయండి. "వేతనాలపై విడిగా ఉత్తర్వులు జారీ చేయబడును" అనే వాక్యం నా సర్వీసులో ఎన్నోసార్లు చదివాను. ఆ విడి ఉత్తర్వుల కోసం ఎదురుచూస్తూనే రిటైరైనవాళ్లు నాకు తెలుసు. ఖజానాలో డబ్బు లేదంటే విడతలుగా ఇవ్వండి, ఉద్యోగులు అర్థం చేసుకుంటారు. తేదీ మాత్రం జరపకండి. 11వ పీఆర్సీని 2018 జులై 1 నుంచి నోషనల్‌గా (డబ్బు ఇవ్వకుండా లెక్కలో మాత్రమే), 2020 ఏప్రిల్ 1 నుంచి డబ్బు రూపంలో వర్తించేలా రాశారు. అలాగే ఈ పిల్లలకూ 2021 అక్టోబరు నుంచి నోషనల్‌గా స్కేలు వేస్తే కనీసం ఇంక్రిమెంట్లు దారిలో పడతాయి.

సచివాలయాల్లో పని చేసే పిల్లలకూ ఒక మాట. మీరు ఆన్‌లైన్‌లో జీతం పడిందో లేదో చూసుకుంటారు గానీ సర్వీస్ రిజిస్టర్ తెరిచి చూసినవాళ్లు తక్కువ. ఏడాదికోసారి దాన్ని చూసి సంతకం పెట్టడం మీ హక్కు. చేరిన తేదీ, ప్రొబేషన్ పూర్తయిన తేదీ, పరీక్ష పాసైన వివరం ఎక్కాయో లేదో చూసుకోండి, ఆ పేజీలు జిరాక్స్ తీసి ఇంట్లో పెట్టుకోండి. ఏది అడిగినా కాగితం మీద అడగండి. రెండో ప్రతి మీద ఇన్‌వార్డ్ నంబరు, తేదీ వేయించుకోండి. వాట్సాప్‌లో పెట్టిన విన్నపానికి రేపు ఎవరూ జవాబుదారీ కారు. అయినా కదలకపోతే సమాచార హక్కు చట్టం ఉంది, ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఎస్టాబ్లిష్‌మెంట్ సీటులో ఉన్న గుమస్తా మీద కోపం పెంచుకోవద్దు. ఒక్కడి బల్ల మీద వందల రిజిస్టర్లు ఉంటాయి, ఆ బరువు నాకు తెలుసు. మర్యాదగానే అడగండి. అడగడం మాత్రం మానొద్దు.

ఈ ఆదివారం మా అమ్మాయి స్నేహితులు నలుగురు తమ రిజిస్టర్ల జిరాక్సులు పట్టుకుని మా ఇంటికి వస్తున్నారు. పేజీ పేజీ చూసి, తేడా ఉన్నచోట అర్జీ రాసి ఇస్తాను.

అమ్మాయి ఉద్యోగానికి ఇబ్బంది రాకుండా నా పేరు ప్రచురించవద్దని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉద్యోగి,
అమలాపురం